చుక్కల మీద సంతకం

మధ్యాహ్నం ఒంటిగంట డ్యూటీకి ముందు గేరమ్మ తన బస్సు టైర్లను ఇనపరాడ్డుతో ఒక్కొక్కటే తట్టుకుంటూ వస్తోంది. గాలి సరిగ్గా ఉంటే రాడ్డు ఎగిరి చేతిలోకి వస్తుంది, తగ్గితే మెత్తగా దిగబడుతుంది. మధ్యలో మడత ఉన్న పొడుగు బస్సు అది. పది టైర్లు. పదో టైరు దగ్గర వంగి ఉండగా వెనకనుంచి ఎవరో దగ్గారు.

చూస్తే టైపు మేడం. ఆఫీసు గదిలో కిటికీ పక్క సీటు తప్ప ఆవిడ ఇంకెక్కడా కనిపించదు. ఇరవై రెండేళ్ళుగా డిపో కాగితాలన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే వెళ్తున్నాయి. షెడ్డులో నేలంతా గ్రీజు కాబట్టి, చెప్పులు ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటూ ఆవిడ కొంగలా నిలబడి ఉంది.

"ఇది మీకు. తీసుకున్నట్టు కింద సంతకం పెట్టాలి," అంది, కాగితం చాపుతూ.

గేరమ్మ చేతులు పాతగుడ్డకి తుడుచుకుని కాగితం అందుకుంది. శిక్షణలో మొదటివారమంతా రెండో గేరులోనే బస్సు నడిపిందని తోటివాళ్ళు పెట్టిన పేరు గేరమ్మ. ఆ తర్వాత ఆమె డిపోలో అందరికన్నా బాగా రివర్స్ చెయ్యడం నేర్చుకుంది గానీ, పేరు మాత్రం వెనక్కి పోలేదు.

ఛార్జి మెమో అది. సంస్థవారి ప్రజా ఫిర్యాదుల పేజీలో ఆమె "........" అనే అసభ్య పదం రాసి సంస్థ పరువు తీసిందట. ఎల్లుండి విచారణ. సంజాయిషీ తృప్తికరంగా లేకపోతే, ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి గనక విధుల నుంచి తొలగించబడుతుంది. ప్రొబేషన్ అయిపోవడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి.

"ఈ చుక్కలేంటి మేడం?"

"అదే... ఆ మాట."

"ఏ మాట?"

"మీకు తెలుసు కదండీ."

"నాకు తెలుసు. కాగితానికి తెలియాలిగా."

టైపు మేడం మొహం ఎర్రబడింది. "నేనలాంటివి టైపు చెయ్యను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క చెడ్డమాట కొట్టలేదు నా చేత్తో. పైవాళ్ళు కూడా చుక్కలు పెడితే చాలన్నారు."

"అయితే నేను సంతకం పెట్టను."

ఇది మొండితనం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కొంత మొండితనమే. కానీ డ్రైవర్లకి మొదటిరోజు స్టీరింగ్ పట్టుకోవడం కన్నా ముందు నేర్పేది ఒకటుంది. ఖాళీలు వదిలిన కాగితం మీద ప్రాణం పోయినా సంతకం పెట్టకూడదు. ప్రమాదం జరిగాక ఎవడో ఓ ఫారం తెచ్చి, ఇక్కడో గీత పెట్టమ్మా, మిగతాది మేం నింపుకుంటాం అంటాడు. నింపుతాడు కూడా. వాడికి కావలసినట్టు నింపుతాడు.

"చుక్కలన్నాక ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు మేడం. నేను రాసిందానికన్నా ఘోరమైంది అనుకుంటారు. చుక్కల మీద సంతకం పెట్టను. అందలేదని మాత్రం అనను, భయపడకండి." అని కాగితం వెనక్కి తిప్పి, 'చుక్కలు తప్ప మిగతాది అందింది' అని రాసి ఇచ్చేసింది. టైపు మేడం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. నవ్వాలో వద్దో తెలియని మొహంతో, మళ్ళీ గ్రీజు తప్పించుకుంటూ వెళ్ళిపోయింది.

జరిగింది ఇంతే. కిందటి వారం గేరమ్మ ఆ పొడుగు బస్సుని డిపో చివర ఇరుకు సందులోకి ఒక్క పట్టున రివర్స్ చేసి పెట్టింది. అటు గోడకి జానెడు, ఇటు గోడకి జానెడు. జంటగా తిరిగే కండక్టరు మురిసిపోయి ఫొటో తీసి డిపో సిబ్బంది గ్రూపులో పెట్టింది. దాని కింద డ్యూటీలు వేసే కంట్రోలరు ఒక మాట రాశాడు. పదకొండుమంది మగవాళ్ళు దాని కింద పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. పదినిమిషాలకి కంట్రోలరు దాన్ని తుడిపేశాడు. బొమ్మలూ పోయాయి.

గేరమ్మ అది డ్రైవరు సీటులోనే కూర్చుని చదివింది. చదివాక, ప్రమాద నివేదిక ఎలా రాయాలో అలాగే రాసింది. తేదీ, సమయం, స్థలం, ఎదుటివాడు చేసిన పని, తనకు జరిగిన నష్టం. ఎదుటివాడు అన్నమాటని అన్నట్టే దించింది. నివేదికలో 'ఏదో బండి ఎలాగో గుద్దింది' అని రాస్తే ఒప్పుకోరు మరి. సంస్థ పేజీలో పెట్టి, ఇలా అనొచ్చా అని కింద అడిగింది. ఆ పేజీకి మాటల్ని పసిగట్టే మిషనొకటి కాపలా ఉంది. దానికి మాట కనిపించింది, అడగడం కనిపించలేదు. పావుగంటలో ఆమె రాసింది ఎగిరిపోయింది, ఆమె పేరు మాత్రం పైఆఫీసు బల్లమీదికి చేరింది. అన్నవాడు అరుగు మీద, మాట పడినది బోనులో.

"అమ్మగారూ," అని పిలుపు వినబడింది. కంట్రోలరు తన గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. దువ్విన జుట్టు, జేబులో రెండు కలాలు. ఆయన నోట 'మీరు' తప్ప 'నువ్వు' రాదు. షెడ్డులో అందరూ ఆయన్ని మర్యాదస్తుడనే అంటారు. "మెమో అందిందటగా. విచారణ అయ్యేదాకా తమరు స్పేరులో ఉంటారండి. బస్సు తాళం ఇప్పించండి. పాపం, ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటారుగా, ఇంటిపట్టున ఉంటే తమరికెంత గౌరవం, ఆవిడకెంత సుఖం."

ఒక్క చెడ్డమాట లేదు అందులో. ఏ మిషనూ పట్టుకోలేదు. గేరమ్మ తాళం కిటికీ అంచు మీద పెట్టింది. చేతిలోని రాడ్డు కూడా పెట్టబోయి, మనసు మార్చుకుని దగ్గరే ఉంచుకుంది.

*

బస్సు ఇవ్వకుండా కూర్చోబెట్టిన స్పేరు వాళ్ళని సాయంత్రం ఆరింటికే పంపేశారు. ఎండ ఇంకా మెట్ల మీద ఉండగానే కోడలు ఇల్లు చేరడం అత్తగారికి వింతగా ఉండాలి. కానీ ఆవిడ బీన్సు తుంచుతూ తల కూడా ఎత్తలేదు.

"వచ్చావా అమ్మాయ్. చెప్పులు పక్కగా విడు అమ్మాయ్."

గేరమ్మకి ఒళ్ళు మండింది. నాలుగు రోజులుగా ఇదే వరస. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

ఆ ఇంట్లో ఇద్దరే ఉంటారు, ఇద్దరూ విధవలే. కొడుకు పోయిన కొత్తలో మెట్ల మీదా కుళాయి దగ్గరా ఒక మాట వాళ్ళ వెనకాల గుసగుసగా తిరిగేది. పొద్దున్నే ఆ ముండలు ఎదురయ్యారు అని ఒకరు, అత్తా ముండే కోడలూ ముండే అని ఒకరు. ఒకరోజు అత్తగారు నిండుబిందె దించి, కుళాయి దగ్గర అందరికీ వినబడేలా, "ఒసే ముండా, రెండో బిందె పట్టుకురావే!" అని కోడలికి కేక పెట్టింది. కుళాయి దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఇంట్లోకొచ్చాక చెప్పింది: "వాళ్ళు చాటుగా అనుకునేదేదో మనమే ఎదురుగా అనేసుకుందామే. వాళ్ళకి మిగలకుండా."

అప్పట్నుంచి ఆ ఇంట్లో అది ముద్దుపేరు. ఒసే ముండా కాళ్ళు కడుక్కో, ఒసే ముండా జ్వరం తగ్గిందా. మొదటిసారి బస్సు నడిపి వచ్చిన రోజున అత్తగారు గుమ్మంలో నిలబడి, "సాధించావే ముండా" అని ఏడ్చింది. ఆ అలవాటే డిపోలో ఆడవాళ్ళకీ అంటుకుంది. ఆడవాళ్ళు పదకొండుమందీ వాళ్ళలో వాళ్ళకో గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున్న లేచారా ముండల్లారా అనే పలకరింపుతోనే అందులో తెల్లారుతుంది.

"ఎల్లుండి విచారణ," అంది గేరమ్మ, నేల మీద కూర్చుని తనూ ఓ గుప్పెడు బీన్సు లాక్కుంటూ.

"క్షమాపణ రాసిచ్చెయ్ అమ్మాయ్."

"నువ్వా ఈ మాటనేది?"

"నేనే. ఇరవై రోజులేగా? ఆ తర్వాత నీ ఉద్యోగం ఎవడూ పీకలేడు. తల వంచితే పోయేదానికి మెడ దాకా తెచ్చుకోకు."

"ఏమని రాయను? వాడన్న మాట నేనన్నాను, తప్పయిపోయింది అనా?"

అత్తగారు బీన్సు నారలు ఒక పక్కకి తీసి పెడుతోంది.

"ముందు నువ్వు నన్ను అమ్మాయ్ అనడం మానెయ్. నామీద కోపమొచ్చిందా?"

"నీమీద కోపమెందుకే..." అని ఆవిడ ఆగిపోయింది. నోటి చివరిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగడం గేరమ్మకి కనిపించింది. "పక్కింటి పిల్ల నీ ఫిర్యాదులోంచి వాడు రాసింది చదివి వినిపించింది. ఆ మాట వాడు నోట్లో వేసుకుని నమిలి ఉమ్మాడే. ఎంగిలైపోయింది. ఇంక నా నోట పెట్టుకోలేను. అందామనుకుంటానా, వాడి ఇకఇకలు వినబడతాయి."

గేరమ్మకి మెమో చదివినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. బస్సు లాక్కున్నాడు, రేపోమాపో ఉద్యోగం లాక్కుంటాడు, అదంతా సరే. ఇంట్లోకి వచ్చి అత్తగారి నోట్లోంచి కూడా లాక్కుపోయాడే వీడు! కన్నీళ్ళు బీన్సులో పడకుండా మోచేత్తో తుడుచుకుంది.

"రాయను. క్షమాపణ రాయను గాక రాయను," అంది.

*

స్పేరు బల్ల అంటే షెడ్డు మూల, నీళ్ళ డ్రమ్ము పక్కన ఉండే చెక్కబల్ల. ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాళ్ళ బస్సు తీయడానికి అక్కడ కాచుకుని ఉండాలి. ఆ రోజు ముగ్గురు రాలేదు. మూడు బస్సులూ ఆగిపోయాయిగానీ కంట్రోలరు గేరమ్మని పిలవలేదు. ఆమె పొడుగు బస్సుని ఎవడో కుర్రడ్రైవరు తీసుకెళ్తూ గేటు దగ్గర వెనకభాగం స్తంభానికి గీకించాడు. ఆ చప్పుడు గేరమ్మ పళ్ళలోకి పాకింది.

వచ్చేపోయేవాళ్ళు ఉచిత సలహాలు పంచిపెట్టారు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు ఒక పెద్ద డ్రైవరు. గోరు ఎవరిదండీ, గొడ్డలెవరిదండీ అంటే నవ్వి వెళ్ళిపోయాడు. మెకానిక్కు మాత్రం బస్సు కిందనుంచి తల బయటపెట్టి, "అసలు నువ్వు ఆ మాట అలా మొత్తం దించకుండా ఉండాల్సిందమ్మా. ఓ బూతుమాట అన్నాడు అని రాస్తే సరిపోయేది" అన్నాడు.

"బ్రేకు ఫెయిలైతే 'ఏదో ఒకటి పాడైంది' అని రాసిస్తే నువ్వు బాగుచేస్తావా అన్నా?"

మెకానిక్కు కాసేపు ఆలోచించి, "చెయ్యను," అని మళ్ళీ బస్సు కిందకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కండక్టరు వచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. బల్ల మీద కూర్చోకుండా డ్రమ్ము దగ్గరే నిలబడి, టికెట్ల మిషను పట్టీని మెలిపెడుతూ ఉంది.

"అక్కా, నేనో పని చేశాను. తెలిసి చెయ్యలేదు."

"చెప్పు."

"మొన్న కంట్రోలరు గారు ఫోన్ ఇవ్వమ్మా, కొత్త డ్యూటీ చార్టు ఎక్కించి ఇస్తాను అన్నారు. ఇచ్చాను. మన ఆడవాళ్ళ గ్రూపు తెరిచి ఫొటో తీసుకున్నారని తర్వాత తెలిసింది. అందులో నువ్వు మమ్మల్ని... ఆ మాటతో పిలిచింది ఉందటక్కా. రేపు అదే చూపిస్తారట. ఈవిడే రోజూ వాడే మాట, ఇంకొకరంటే ఏడుపెందుకు అని."

అవును, గేరమ్మ అంటుంది. రోజూ అంటుంది. కాదని ఎలా చెప్పడం?

"నామీద కోపంగా ఉందా అక్కా?"

"ఉంది. కూర్చో." పక్కకి జరిగి చోటిచ్చింది. కండక్టరు కూర్చుని, ఆమె భుజానికి తల ఆనించి ముక్కు ఎగబీల్చింది. "ఏడవకే..." అని గేరమ్మ ఆగిపోయింది. తన నోట కూడా ఆ మాట రాలేదు. అత్తగారు చెప్పింది నిజమే, ఎంగిలి అంతదూరం వచ్చేసింది.

అప్పుడు గట్టిపడింది గేరమ్మ. అంతదాకా ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకుంది. ఇప్పుడు ఆ మాట తిరిగి రాబట్టుకోవాలనుకుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. అత్తాకోడళ్ళు ఏళ్ళ తరబడి నోట్లో నానబెట్టి మెత్తబరుచుకున్న మాట ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

*

విచారణ గదిలో పొడవాటి బల్ల, ఆ చివర పైఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి. మంచివాడిలాగే ఉన్నాడు. మంచివాళ్ళకుండే తొందర కూడా ఉంది, మూడున్నరకి ఇంకో డిపోలో పని. ఆయనకి కుడిపక్క కంట్రోలరు, ఎడమపక్క కంప్యూటరు ముందు టైపు మేడం. ఈ చివర గేరమ్మ. తలుపు బయట కండక్టరు నీడ కనబడుతోంది.

"చూడమ్మా," అన్నాడు అధికారి. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

"ఊరి నోరు మంచిదైతే నేనిక్కడికి వచ్చేదాన్ని కాదు సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ పదం రాశారా, లేదా?"

"ఏ పదం సార్?"

"మెమోలో ఉన్నది."

"మెమోలో చుక్కలున్నాయి సార్. చుక్కలు నేను రాయలేదు."

కంట్రోలరు మెల్లగా నవ్వాడు. "చూశారా సార్, తమరితో కూడా ఎలా మాట్లాడుతున్నారో. మేమంతా ఆవిణ్ణి సొంత చెల్లెలిలా చూసుకుంటున్నామండి."

"నన్నొకరు అన్నది నేను రాశాను. అన్నది నేను కాదు," అంది గేరమ్మ. "తిట్టు తిన్నవాళ్ళు తిట్టేమిటో చెప్పకూడదంటే ఇంక ఫిర్యాదెలా సార్?"

"ఎవరన్నా, ఎందుకన్నా అసభ్యం అసభ్యమే కదమ్మా. మాట మాటే."

"కాదు సార్. నేను డ్రైవర్ని, నాకు తెలిసింది చెప్తాను. బస్సుకి హారన్ ఒకటే ఉంటుంది. మలుపులో కొడితే ఎదుటివాడి ప్రాణం నిలబడుతుంది. ఒంటరిగా నడిచే ఆడదాని వెనకాల కొడితే ప్రాణం పోతుంది. చప్పుడొకటే కదాని రెండూ ఒకటే అంటారా? హారన్ కొట్టిందని నామీద రాశారు. ఎక్కడ, ఎవరిమీద, ఎందుకు కొట్టానో రాయలేదు."

కంట్రోలరు అందుకున్నాడు. "సార్, ఆవిడకి ఈ పదం కొత్తేం కాదండి. ఆడవాళ్ళ గ్రూపులో తోటివాళ్ళని రోజూ ఇదే పదంతో పిలుస్తారు. రుజువు తమకి సమర్పించాను. పసుపు గీత పెట్టిన లైను చూడండి."

అధికారి ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గేరమ్మకి అది తలకిందులుగా ఉంది. రోజంతా అద్దాల్లో వెనకబళ్ళ బోర్డులు తిరగేసి చదివే కళ్ళకి తలకిందులు ఒక లెక్కా? పసుపు గీత కాగితం అడుగున ఉంది. పైన ఒక చిన్న బొమ్మ ఉంది. ఇరుకు సందులో, అటు జానెడు ఇటు జానెడు వదిలి నిలబెట్టిన పొడుగు బస్సు.

కంట్రోలరు పసుపు గీత పెట్టిన లైనే చూశాడు. దానిపైన ఏముందో చూసుకోలేదు.

"మేడం, ఆ లైను చదివి రికార్డు చెయ్యండి," అన్నాడు అధికారి.

"ఒక్క లైను కుదరదు సార్," అంది గేరమ్మ. "రుజువుగా పెట్టిన కాగితం పైనుంచి కిందిదాకా చదవాలి. సగం నివేదిక చెల్లదని మాకు నేర్పింది సంస్థే."

"ఆ ఒక్క లైనే ప్రింటు తీస్తే చాలని చెప్పానుగా!" అన్నాడు కంట్రోలరు టైపు మేడం వైపు తిరిగి. మొదటిసారి ఆయన గొంతులో మర్యాద కొంచెం జారింది.

టైపు మేడం తలెత్తలేదు. "సగం కాగితం ప్రింటవదండీ. మిషను మొత్తం తీస్తుంది," అంది.

డిపోలో ఉన్న మిషను ఎంత కావాలంటే అంతే తీస్తుందని అందరికీ తెలుసు. గేరమ్మ ఆవిడ వైపు చూసింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది, చాలా శ్రద్ధగా, రెండు అద్దాలూ. తుడుచుకుని, కాగితం రెండు చేతులతో పట్టుకుని, డ్యూటీ ఉత్తర్వులు చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"పైన బస్సు ఫొటో. దాని కింద, డిపో గ్రూపు నుంచి తెచ్చి పెట్టినది. పంపినవారు, కంట్రోలరు. సమయం రాత్రి తొమ్మిది నలభై." ఒక్క క్షణం ఆగింది. "'ముండ చేతికి స్టీరింగిచ్చారు. వెనక్కి పోవడం బాగానే వచ్చు. ఆఖరి ట్రిప్పులో రోజూ ఎవర్ని ఎక్కించుకుంటుందో అది కూడా ఫొటో పెట్టండి.'"

ఆవిడ ఆ మాటని నొక్కలేదు, దాచలేదు. బస్సు నంబరు చదివినట్టు చదివింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

"చాలు మేడం," అన్నాడు అధికారి.

"సగంలో ఆపితే రికార్డు చెల్లదు సార్," అని ఆవిడ కొనసాగించింది. "దాని కింద కండక్టరు. 'అక్కా, నేనా ఫొటో పెట్టకుండా ఉండాల్సింది. ఏడుపాగడం లేదు. రేపు డ్యూటీకి రాలేను.' దాని కింద ఇంకొకరు. 'నేనూ సెలవు పెడతా. వాళ్ళ మొహాలు చూడలేను.' దాని కింద, పసుపు గీత ఉన్నది. 'ఏడవకండే ముండల్లారా. రేపు పదకొండుమందీ డ్యూటీకి రావాలి. రానిదాన్ని ఇంటికొచ్చి ఎత్తుకుని బస్సులో పడేస్తా.'" కాగితం దించింది. "అంతే సార్. కింద ఇంకేం లేదు."

తలుపు బయట ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడైంది.

కంట్రోలరు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. జేబులో కలం తీసి మళ్ళీ పెట్టాడు. "అది... సరదాకి అన్నది సార్. మనవాళ్ళ గ్రూపు, లోపలి మాట. వెంటనే తీసేశాను కూడా. ఏ సందర్భంలో అన్నానో చూడాలి కదండీ. మాట ఒక్కటే పట్టుకుంటే ఎలా?"

గేరమ్మ కుర్చీలోంచి లేచింది. కోపంతో కాదు. డ్రైవరు సీటు ఎక్కేముందు నిలబడినట్టు నిలబడింది.

"సార్, కంట్రోలరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాట ఒక్కటే పట్టుకోకూడదు. సందర్భం చూడాలి. ఇద్దరిదీ చూడండి. నేనడిగేది కూడా అదే."

అధికారి కాగితం తనవైపు లాక్కుని మళ్ళీ చదువుకున్నాడు. ఈసారి పెదాలు కదిలిస్తూ చదివాడు. మూడున్నర దాటిపోయింది. గోడ గడియారం వైపు ఆయన చూడలేదు.

"మెమో వెనక్కి తీసుకుంటున్నాం," అన్నాడు చివరికి. "కంట్రోలరు గారూ, మీరు నాతో పైఆఫీసుకి రావాలి. మీ మీద వేరే కాగితం తయారవుతుంది."

"అందులో చుక్కలు పెట్టకండి సార్," అంది గేరమ్మ. "మరి పేజీలో తీసేసిన నా ఫిర్యాదు?"

"అది మిషను పనమ్మా. దానికి మనం చెప్పేదేం ఉండదు."

"అయితే రేపు మళ్ళీ రాస్తాను. అది తీసేస్తే ఎల్లుండి రాస్తాను. దానికి ఓపికెంతుందో చూద్దాం."

టైపు మేడం రికార్డు కొట్టడం మొదలుపెట్టింది. ఒకచోట వేళ్ళు ఆగాయి. ఆగిన వేళ్ళు మళ్ళీ కదిలాయి. ప్రింటయిన కాగితం వెచ్చగా చేతికొచ్చింది. గేరమ్మ మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఎవరు, ఎవర్ని, ఎప్పుడు, ఏమన్నారో అంతా ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. కింద సంతకం పెట్టింది, అక్షరాలు కాస్త పెద్దవిగానే.

బయటికొస్తుంటే టైపు మేడం వెనకనుంచి వచ్చింది. "మీ గ్రూపులో... ఆఫీసువాళ్ళని కూడా చేర్చుకుంటారా?" అని, సమాధానం వినకుండానే వెళ్ళి కిటికీ పక్క కూర్చుంది.

*

అత్తగారికి ఆ సాయంత్రం మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆవిడకి మెమో సంగతి, అధికారి సంగతి అక్కర్లేదు. "గట్టిగా చదివిందా? ఆ టైపావిడ? వాడి మొహమ్మీదే?" అని అదే అడిగింది. గట్టిగానే అంటే, తల ఊపి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. "తిను అమ్మాయ్" అనే అంది వడ్డిస్తూ. గేరమ్మకి మెతుకు దిగలేదు. గెలిచి వచ్చినా ఇంటికి రావలసింది రాలేదు.

మర్నాడు బస్సు తాళం ఆమె చేతికొచ్చింది. పది టైర్లూ తట్టి, గేటు దగ్గర గీసుకుపోయిన చోట చెయ్యి పెట్టి చూసి, బ్రేకు గాలి మీటరు నిండేదాకా ఆగి, ఒంటిగంటకి బయటికి తీసింది. కండక్టరు వెనకనుంచి రైట్ చెప్పింది. రెండో ట్రిప్పు సొంత వీధి మీదుగా వెళ్ళాలి. అప్పటికి బస్సు కిటకిటలాడుతోంది, ఫుట్‌బోర్డు దాకా జనం.

స్టాపు ఇంకా నాలుగు బారలుందనగా, రోడ్డు పక్కన ఎవరో చెయ్యి పైకెత్తి టిఫిన్ డబ్బా ఊపుతూ కనిపించారు. చూసుకుంటే పక్కన డబ్బా లేదు. ఇంట్లోనే మర్చిపోయింది. బస్సు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి.

"ఒసే ముండా!" అని అరిచింది అత్తగారు, వీధి వీధంతా వినబడేలా. "తిండి డబ్బా వదిలేసి పోతావుటే? కడుపు మాడ్చుకుని నడుపుతావా ఇంతమందిని?"

బస్సు మొత్తం బిగుసుకుపోయింది. ముందు సీటులో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి లేచి, "ఏంటండీ ఆ మాటలు! డ్యూటీలో ఉన్న మనిషిని పట్టుకుని! కాస్త మర్యాద నేర్చుకోండి," అన్నాడు. ఆయన వెనక ఒకతను అప్పుడే ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

గేరమ్మ సీటులోంచి వంగి, డబ్బాతోపాటు ఆ ముడతల చేతిని కూడా పట్టుకుంది. కళ్ళు మసకబడ్డాయి. మసకబారిన కళ్ళతో బస్సు నడపకూడదు కాబట్టి గబగబా తుడుచుకుంది.

"తియ్యండి బాబూ, బాగా తియ్యండి," అంది ఫోన్ అతనితో. "మొదట్నుంచి చివరిదాకా తియ్యండి. ఆవిడ మా అత్తగారు."

తలుపులు మూసి, అద్దంలో వెనక్కి చూసుకుని, అత్తగారు రోడ్డు దాటేదాకా ఆగింది. చిన్నగా ఒక హారన్ కొట్టి, రెండో గేరులో బస్సు కదిలించింది.